నూరేళ్ల నాటి ఒక పురపాలక నిర్ణయం



"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఒక కుటుంబం ఒక ఇల్లు కట్టుకోవడమే ఇంత భారమైతే, ఒక నగరం తన పేదలందరికీ ఇళ్లు కట్టడం సాధ్యమయ్యే పనేనా? ఈ వారం మన పాఠం ఈ ప్రశ్న మీదనే.

విచారణలో ఇళ్లను ఆశీర్వదించడానికి వెళ్లినప్పుడు అద్దె ఇళ్లలోని తల్లులు తరచుగా అనే మాట ఒకటుంది: "ఫాదర్‌గారూ, వచ్చే ఏడాది మీరు వచ్చేసరికి ఈ ఇంట్లో ఉంటామో లేదో!" వారి కోసం మనం తప్పక ప్రార్థిస్తాం. అయితే ఈ భయం తీరాలంటే పాలకులు చేయవలసిన పని కూడా ఉంది.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో, వాదానికి దిగే ముందు మాటలను వేరు చేసుకొమ్మని మా గురువులు చెప్పేవారు. కనుక ముందు రెండు మాటలను వేరు చేద్దాం. పథకం వేరు, విధానం వేరు. ఈ ఏడాది ఎన్ని ఇళ్లు కడతారో పథకం చెబుతుంది. విధానం నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. స్థలం ఎక్కడిది? ఏటేటా డబ్బు ఎలా వస్తుంది? ఇల్లు ముందుగా ఎవరికి ఇవ్వాలి? కట్టిన తరువాత దానిని ఎవరు కాపాడాలి? ఈ నాలుగింటికీ జవాబు చెప్పిన ఒక నగరసభను చూద్దాం.

అది ఆస్ట్రియా రాజధాని వియన్నా. 1918లో మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి, చక్రవర్తి పాలన కూలిపోయింది. కార్మిక కుటుంబాలు ఇరుకు గదుల్లో మగ్గుతున్నాయి. చాలా ఇళ్లలో కొళాయి గాని, మరుగుదొడ్డి గాని లేవు. నడవాలో ఉన్నదే అందరికీ దిక్కు. సొంత గది లేనివారు ఇతరుల ఇంట్లో మంచం మాత్రమే అద్దెకు తీసుకొని, కొన్ని గంటలు నిద్రపోయి వెళ్లేవారు. క్షయరోగం ఎంతగా వ్యాపించిందంటే, దానికి 'వియన్నా జబ్బు' అనే పేరు వచ్చింది.

మొదటిది స్థలం. యుద్ధకాలంలో అద్దెలు పెంచరాదని ప్రభుత్వం కట్టడి చేసింది. ఆపై ధరలు మండిపోయి అద్దెల విలువ అడుగంటింది. ప్రైవేటువారు ఇళ్లు కట్టడం మానుకున్నారు, స్థలాల ధరలు పడిపోయాయి. అదే అదనుగా నగరసభ స్థలాలు కొన్నది.

రెండవది డబ్బు. 1922లో వియన్నా ప్రత్యేక రాష్ట్రమైంది, సొంతంగా పన్నులు వేసే అధికారం వచ్చింది. నగర ఆర్థిక వ్యవహారాలు చూసే హ్యూగో బ్రైట్నర్ ఆధ్వర్యంలో 1923లో గృహనిర్మాణ పన్ను వేశారు. చిన్న ఇంటికి స్వల్పంగా, విలాస భవనానికి భారీగా ఉండే పన్ను అది. ఆ రాబడి ఇళ్లకే ఖర్చు కావాలి. అదే ఏడాది సెప్టెంబరులో, ఐదేళ్లలో 25,000 ఇళ్లు కట్టాలని నగరసభ తీర్మానించింది. గడువుకు ముందే ఆ లెక్క పూర్తయింది. 1934 నాటికి కట్టిన ఇళ్లు 60,000 దాటాయి.

మూడవది, ఎవరికి? ఎవరి అవసరం ఎంతో చూసి మార్కులు వేసి, ఆ వరుసలో ఇళ్లు కేటాయించేవారు. ప్రతి ఇంటికీ నీరు, మరుగుదొడ్డి లోపలే. భవనాల మధ్య గాలి వెలుతురు వచ్చే విశాలమైన ఆవరణలు, ఉమ్మడి చాకిరేవు గదులు, పసిపిల్లల బడులు ఏర్పాటు చేశారు. 1930లో ప్రారంభమైన కార్ల్ మార్క్స్ హోఫ్ అనే భవనం కిలోమీటరుకు పైగా పొడవున్నది. అందులో 1,382 ఇళ్లు కట్టారు.

ఇక్కడ కతోలికులమైన మనకు కొంత ఇబ్బంది కలిగించే విషయం ఒకటుంది. ఈ పని చేసింది శ్రీసభతో పడని సోషల్ డెమోక్రాట్లు. ఈ పన్నును వ్యతిరేకించింది కతోలికుల మద్దతు గల క్రిస్టియన్ సోషల్ పార్టీ. దాని నాయకుడు ఇగ్నాజ్ సైపెల్ స్వయంగా గురువు, దైవశాస్త్ర ఆచార్యుడు, రెండుసార్లు దేశ ప్రధాని. ఇంటి యజమానులకు అన్యాయం జరుగుతోందని ఆ పక్షం వాదన. దానిని కొట్టిపారేయలేం. అద్దె మీదనే బ్రతికే చిన్న యజమానులు నిజంగానే నష్టపోయారు. కాని ప్రైవేటువారు మళ్లీ కట్టేదాకా ఆ క్షయరోగి బిడ్డ ఎక్కడ పడుకోవాలి? దీనికి ఆ వాదనలో జవాబు లేదు. మంచి పని ఎవరు చేశారన్నది వేరు, అది మంచిదా కాదా అన్నది వేరు. 1987లో వాటికన్ న్యాయ శాంతి కమిషన్ నిరాశ్రయుల గురించి ఒక పత్రం వెలువరించింది. ఇల్లు ప్రతి మనిషికీ ఉండే హక్కు అనీ, దానిని కేవలం అంగడి సరుకుగా చూడరాదనీ అది బోధించింది.

నాలుగవది, కాపాడడం. 1934లో అంతర్యుద్ధం వచ్చి, ఎన్నికైన నగరసభ రద్దయింది. ఆ భవనాల మీద ఫిరంగులు పేలాయి. అయినా 1945 తరువాత పని మళ్లీ మొదలైంది. ముందుగానే స్థలాలు కొని ఉంచడానికి 1984లో ఒక నిధిని ఏర్పాటు చేశారు. ఐరోపాలో అనేక నగరాలు తమ ఇళ్లను అమ్ముకున్నా వియన్నా అమ్ముకోలేదు. నేడు ఆ నగరపాలక సంస్థకు సుమారు 2,20,000 ఇళ్లున్నాయి. నగర జనాభాలో దాదాపు సగంమంది నగరసభ ఇళ్లలోనో, ప్రభుత్వ సాయంతో కట్టిన ఇళ్లలోనో ఉంటున్నారు.

లోపాలూ లేకపోలేదు. తొలినాటి ఇళ్లు చాలావరకు 400, 500 చదరపు అడుగులవే. నగరానికి కొత్తగా వచ్చినవారికి వెంటనే ఇల్లు దొరకదు. ముందు రెండేళ్లు అక్కడ నివాసం ఉండాలి. అవసరం ఎక్కువగా ఉన్నవారిలో కొందరు ఆ గడప బయటే నిలబడవలసి వస్తోంది.

మన పురపాలక సంఘాలు వియన్నా వలె చేయగలవా? ఉన్నదున్నట్టు చేయలేవు. వియన్నా నగరమూ రాష్ట్రమూ ఒక్కటే. మన పురపాలక సంఘాలు డబ్బుకు రాష్ట్ర ప్రభుత్వం వైపు చూడవలసిందే. అయితే 1993 జూన్‌లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పట్టణ ప్రణాళికను, మురికివాడల అభివృద్ధిని పురపాలక సంఘాలకు అప్పగించదగిన పనులలో చేర్చింది. కనుక మన వార్డు సభ్యుడు ఇంటికి వచ్చి "నాకు ఇల్లు ఇప్పించండి" అని మాత్రమే అడిగించుకొని వెళ్లిపోనివ్వకండి. ఆ నాలుగు ప్రశ్నలూ అడగండి. ఒక ఇల్లు అడిగితే ఒక కుటుంబానికి మేలు కావచ్చు. విధానం అడిగితే మన మనవల కాలందాకా ఎందరికో నీడ దొరకవచ్చు.

కుటుంబ ప్రార్థన తరువాత చర్చించుకోండి:

1. మన పట్టణంలో ప్రభుత్వ స్థలాలు ఎక్కడ ఉన్నాయి? అవి దేనికి వాడుతున్నారు?

2. మనకంటే ఇల్లు ఎక్కువ అవసరమైన కుటుంబం మన వీధిలో ఉందా? వారికి ముందు వస్తే మనం సంతోషించగలమా?

3. మన ఇంట్లో అద్దెకున్నవారు రేపటి గురించి భయపడుతున్నారా? ఆ భయం తగ్గించడానికి యజమానులుగా మనం ఏం చేయగలం?