ఒకరి బరువు, ఇద్దరి పని
(భార్యాభర్తలు కలిసి చదవవలసిన ఆరోగ్య పాఠం)



బరువు అనగానే మనకు బి.పి., షుగరు, మోకాళ్ళ నొప్పులు గుర్తుకు వస్తాయి. కానీ ఓ.పి.లోనూ వార్డుల్లోనూ మాకు వినబడే బాధ ఇంకొకటి ఉన్నది. "పెళ్ళినాటికి ఎట్లా ఉండేది, ఇప్పుడు ఎట్లా అయిపోయిందో చూడండి సిస్టరమ్మా" అని భర్త అంటాడు. "ఆయన గురకకి నేను పిల్లల గదిలో పడుకుంటున్నానమ్మా" అని భార్య మెల్లగా చెబుతుంది. ఒకరికి పెరిగిన బరువు ఇద్దరి మధ్యకు వచ్చి కూర్చుంటుంది.

ఈ పాఠంలో మేము చెప్పదలచినది ఒక్కటే. చాలా ఇళ్ళల్లో బరువు ఒకే వంటింటి నుండి, ఒకే అలవాట్ల నుండి వస్తుంది. కావున అది భార్యదైనా, భర్తదైనా, తగ్గించుకునే పని ఇద్దరిదీ. ఒకరు వేలు చూపిస్తూ కూర్చుంటే రెండవవారు తగ్గరు. కాపురంలో శాంతి మాత్రం తగ్గుతుంది.

1. ముందు ఇద్దరూ కొలుచుకోండి

2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 36 మంది, పురుషులలో నూటికి 31 మంది అధిక బరువుతో ఉన్నారు. తెలంగాణలో స్త్రీలు నూటికి 30 మంది, పురుషులు 32 మంది. అంటే భార్యను ఎత్తిచూపే భర్త కూడా ఒకసారి తన నడుముకు టేపు పెట్టుకుని చూడవలసినదే.

ఇంట్లో ఉన్న టైలరు టేపు చాలు. నిటారుగా నిలబడి, ఊపిరి మామూలుగా వదిలి, బొడ్డుకు కొంచెం పైగా పొట్ట చుట్టూ కొలవండి. మన దేశస్థులలో పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి.

ఎత్తుకు తగిన బరువు కూడా చూడాలి. మన వారికి బి.ఎం.ఐ. 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని లెక్క. 5 అడుగుల స్త్రీకి 53 కిలోలు దాటితే మొదటి హెచ్చరిక, 58 దాటితే రెండవది. 5 అడుగుల 6 అంగుళాల పురుషునికి 65 దాటితే మొదటిది, 70 దాటితే రెండవది. ఒక్కరు మాత్రమే తూకం ఎక్కి, రెండవవారు పక్కన నిలబడి నవ్వకూడదు. ఇద్దరూ ఎక్కండి.

2. బరువు ఎందుకు పెరుగుతుంది?

"తిండి ఎక్కువై" అని ఒక్క మాటలో తేల్చివేయడం సులభం. కారణాలు చాలా ఉన్నాయి.

ఒకే వంటిల్లు: అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊరిలో మొదలైన గుండె జబ్బుల పరిశోధనలో సుమారు 12 వేల మందిని 32 సంవత్సరాల పాటు గమనించారు. 2007లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, దంపతులలో ఒకరు స్థూలకాయులైతే రెండవవారు కూడా అట్లా అయ్యే అవకాశం 37 శాతం పెరిగింది. కలిసి తింటాము, కలిసి కూర్చుని టీవీ చూస్తాము. బరువు కూడా కలిసే వస్తుంది.

కాన్పులు: ప్రతి కాన్పుకూ కొన్ని కిలోలు మిగిలిపోవడం సాధారణం. బాలింతకు నెయ్యి, విశ్రాంతి ఎక్కువగా ఇవ్వడం, రాత్రులు నిద్ర లేకపోవడం దీనికి తోడు. ఇది ఆమె సోమరితనం కాదు, ఈ ఇంటికి బిడ్డను కన్న శరీరం.

పిల్లల ఆపరేషన్: "ఆపరేషన్ అయ్యాకే లావయ్యాను" అని చాలామంది సోదరీలు నమ్ముతారు. ట్యూబెక్టమీలో గర్భనాళాలను మాత్రమే మూస్తారు, అండాశయాలను తీయరు, హార్మోన్లు మారవు. ఆ వయసులోనే ఇంటి పని తీరు, తిండి మారుతాయి. ఈ భయంతో ఆపరేషన్ వద్దనుకోనక్కరలేదు.

జబ్బులు: థైరాయిడ్ తక్కువ కావడం, నెలసరి క్రమం తప్పే పి.సి.ఓ.డి. వంటివి బరువు పెంచుతాయి. థైరాయిడ్ వల్ల మామూలుగా కొద్ది కిలోలే పెరుగుతాయి గనుక అన్నిటికీ దాని మీద నెపం వేయకూడదు. కానీ రక్తపరీక్ష చేయించుకోవాలి.

మందులు: స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని షుగరు మాత్రలు, మూర్ఛకు ఇచ్చే వాల్‌ప్రోయేట్, మానసిక వ్యాధులకు ఇచ్చే ఒలాంజపిన్ వంటి మందుల వల్ల బరువు పెరగవచ్చు. ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. "ఆ మాత్రలు వేసుకుని ఎట్లా ఊరిపోయావో చూడు" అనే మాట విని, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మందు ఆపేసేవారు ఉన్నారు. మూర్ఛ మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వరుసగా వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. మందు మార్చడం, మోతాదు తగ్గించడం డాక్టరు గారి పని. మీరు అడగండి, కానీ ఆపకండి.

దుఃఖం, మద్యం, నిద్రలేమి: మనసు బాగాలేక తినేవారు ఉన్నారు. మద్యంతో పాటు దానికి నంజుకునే వేపుళ్ళు కలిసి పొట్టను పెంచుతాయి. నైట్ డ్యూటీలు చేసేవారికీ బరువు త్వరగా పెరుగుతుంది.

3. కాపురంలో ఏమి జరుగుతుంది?

మాట గుచ్చుకుంటుంది. పెళ్ళిలో నలుగురి ముందు "మా ఆవిడకి రెండు కుర్చీలు వేయండి" అని భర్త నవ్వుతూ అంటాడు. ఆయన అప్పుడే మరచిపోతాడు, ఆమె మరచిపోదు. తరువాతి శుభకార్యానికి "తలనొప్పి" అని ఇంట్లోనే ఉండిపోతుంది. భర్తలకూ ఇదే వర్తిస్తుంది. పిల్లల ముందు "మీ నాన్న పొట్ట చూడండి" అనే మాట సరదాగానే మొదలవుతుంది, కొన్నాళ్ళకు ఆయన చొక్కా విప్పడానికే సిగ్గుపడతాడు. సిగ్గుపడ్డ మనిషి దాచుకుని తింటాడు, నడకకు బయటికి రాడు, డాక్టరు దగ్గరికి ఆలస్యంగా వస్తాడు. ఎగతాళి బరువును పెంచుతుందే గాని తగ్గించదు.

పడకలు వేరవుతాయి. మెడ చుట్టూ కొవ్వు చేరితే గురక పెరుగుతుంది. గురక మధ్యలో ఊపిరి కొన్ని క్షణాలు ఆగిపోయి, ఉలిక్కిపడి మళ్ళీ తీసుకుంటున్నారా? పగలు కూర్చున్నచోటే కునుకు పడుతున్నదా? దీనిని స్లీప్ ఆప్నియా అంటారు. బి.పి.ని, గుండెజబ్బును తెస్తుంది. బండి నడిపేవారికి ప్రమాదం. దీనికి చికిత్స ఉన్నది. ఆ ఊపిరి ఆగడాన్ని చూడగలిగినది పక్కన పడుకున్నవారే గనుక డాక్టరు గారికి వారే వచ్చి చెప్పాలి.

దగ్గరతనం తగ్గుతుంది. ఈ సంగతి చెప్పడానికి మన ఇళ్ళల్లో సిగ్గు. భార్య తన శరీరాన్ని చూసుకుని తానే వెనక్కి తగ్గుతుంది. భర్త దాన్ని అయిష్టం అనుకుంటాడు. అధిక బరువు, షుగరు ఉన్న పురుషులకు అంగస్తంభన సమస్య రావచ్చు. భార్య దాన్ని "నేను లావయ్యానని నన్ను వద్దనుకుంటున్నాడు" అని అర్థం చేసుకుంటుంది. ఇద్దరూ మౌనంగా ఉంటారు, ఇద్దరి లెక్కా తప్పే. ఈ సమస్య ఒక్కొక్కసారి గుండె రక్తనాళాల జబ్బుకు ముందు గుర్తు కూడా. కావున సిగ్గుపడక డాక్టరు గారికి చెప్పండి.

అనుమానం వస్తుంది. ఇది ఎవరూ రాయని సంగతి. ఒకరు నడక మొదలుపెట్టి సన్నబడితే రెండవవారికి భయం పట్టుకుంటుంది. "ఇప్పుడు ఈ సోకు ఎవరి కోసం?" అనే మాట వస్తుంది. ఆ మాటతో నడక మానేసినవారు ఉన్నారు. కలిసి మొదలుపెడితే ఈ అనుమానానికి చోటు ఉండదు.

4. ఒక ఇంటిలో జరిగినట్టు

మేము తరచు చూసే సంగతి ఇది. నలభై దాటిన సోదరి, 78 కిలోలు, మోకాళ్ళ నొప్పులు. వెంట వచ్చిన భర్త, "తిండి తగ్గించమని మీరైనా చెప్పండి సిస్టరమ్మా, నా మాట వినదు" అంటాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి అడుగుతాము. నలుగురున్న ఇంటికి నెలకు నూనె ఎంత? 5 లీటర్లు. సాయంత్రం పూట ఏమి తింటారు? "ఆయన డ్యూటీ నుండి వస్తూ మిరపకాయ బజ్జీలు తెస్తారు." రాత్రి భోజనం ఎప్పుడు? "అందరూ తిన్నాక, పదింటికి. పిల్లలు వదిలేసింది పారేయడం ఇష్టం లేక అదీ నేనే తింటాను."

అప్పుడు భర్త మౌనంగా ఉంటాడు. బజ్జీలు తెచ్చేది తానే గదా! అది ఆయనకు ప్రేమ. ఆ ప్రేమను వేరే విధంగా చూపించమంటాము. బజ్జీలకు బదులు జామకాయలు తెమ్మంటాము. ఎనిమిదింటికి నలుగురూ కలిసి తినమంటాము. మోకాళ్ళకు తగిన వ్యాయామం నేర్పించి, చదునైన నేల మీద మెల్లగా నడవమంటాము. పక్కన భర్త నడవాలి. ఇలా చేసిన దంపతులలో ఆరు నెలలకు ఆమె అయిదారు కిలోలు, ఆయన మూడు నాలుగు కిలోలు తగ్గి వచ్చినవారు ఉన్నారు. "పొద్దున్న ఆ అరగంటే మేమిద్దరం మాట్లాడుకునేది" అని వారు చెప్పినప్పుడు, తగ్గిన కిలోల కంటే ఆ మాటకే మేము ఎక్కువ సంతోషిస్తాము.

5. ఎట్లా మాట్లాడాలి?

• "ఎంత లావయ్యావో చూసుకున్నావా?" అనవద్దు. "నీకు మెట్లెక్కితే ఆయాసం వస్తున్నది, నాకు భయంగా ఉన్నది. డాక్టరు గారి దగ్గరికి ఇద్దరం వెళ్దామా?" అనండి.
• "ఆ అన్నం తగ్గించండి, ఎవరు మోస్తారు మిమ్మల్ని?" అనవద్దు. "ఏమండీ, రేపటి నుండి ఇద్దరం కూర ఎక్కువ, అన్నం తక్కువ పెట్టుకుందామా?" అనండి.
• అన్నం ముందు కూర్చున్నప్పుడు, బంధువుల ముందు, పిల్లల ముందు ఈ మాట ఎత్తవద్దు.
• వదినతోనో, తోడికోడలితోనో, పెళ్ళినాటి ఫోటోతోనో పోల్చవద్దు. ఆ ఫోటోలో ఉన్న మీరూ ఇప్పుడు లేరు.

6. ఇద్దరూ చేయవలసినవి

1) నూనె: మనిషికి నెలకు అర లీటరు. నలుగురికి 2 లీటర్లు. ఒక లీటరు నూనెలో 8 వేల కేలరీలకు పైగా ఉంటాయి.
2) కంచం: సగం కూరగాయలు, ఆకుకూరలు, పావు అన్నం లేదా రొట్టె, పావు పప్పు, గుడ్డు, చేప వంటివి. అందరికీ ఒకే వంట. ఒక్కరికి మాత్రం చప్పిడి కూడు పెట్టడం శిక్ష అవుతుంది.
3) టీ: రెండు చెంచాల పంచదారతో రోజుకు నాలుగు టీలు తాగితే 160 కేలరీలు పంచదార నుండే వస్తాయి. మెల్లగా అర చెంచాకు తేవచ్చు.
4) నడక: రోజుకు 30 నిమిషాలు, వారానికి 5 రోజులు.
5) ఆదివారం: ఆరాధన తరువాత బిర్యానీ మన ఇళ్ళల్లో ఆనవాయితీ. మానమని చెప్పము. ఒక్కసారే వడ్డించుకోండి, కూల్‌డ్రింకు మానండి, సాయంత్రం కలిసి నడవండి.
6) తూకం: వారానికి ఒక్కసారి చాలు. వారానికి అర కిలో తగ్గితే మంచి వేగం. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినా బి.పి., షుగరు మెరుగుపడడం మొదలవుతుంది.

షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు డాక్టరు గారిని అడగకుండా ఉపవాసాలు చేయకండి. బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు 2025లో మన దేశంలోకి వచ్చాయి. అవి కొందరికి మేలు చేస్తాయి గాని అందరికీ కాదు; డాక్టరు గారి చీటీ లేకుండా, ఎవరో చెప్పారని వాడరాదు.

7. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి

• కొద్ది రోజుల్లోనే బరువు పెరిగి, కాళ్ళు, ముఖం వాచినప్పుడు, పడుకుంటే ఆయాసం వచ్చినప్పుడు. అది కొవ్వు కాదు, నీరు కావచ్చు. గుండె, మూత్రపిండాలు చూపించాలి.
• నిద్రలో ఊపిరి ఆగుతున్నప్పుడు.
• నెలసరి తప్పుతూ, బరువు పెరుగుతూ, పిల్లలు కలగనప్పుడు. భార్యాభర్తలిద్దరూ పరీక్షలకు రావాలి.
• తిండి మానేసి, ఎవరితో మాట్లాడక, బ్రతుకు మీద విసుగు మాటలు మాట్లాడుతున్నప్పుడు. టెలి మానస్ వారి 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. రోజూ తిట్టడం, పేర్లు పెట్టి పిలవడం, "ఇంకొకరిని చేసుకుంటాను" అని బెదిరించడం బరువు మీద శ్రద్ధ కాదు, హింస. 2005 నాటి గృహహింస చట్టం మాటలతో అవమానించడాన్ని కూడా హింసగానే చూస్తుంది. అలాంటి బాధలో ఉన్న సోదరీలు 181కి ఫోన్ చేయవచ్చు, మా నర్సులలో ఎవరితోనైనా చెప్పుకోవచ్చు.

ఈ రాత్రి ఇద్దరూ మాట్లాడుకోండి

1. నా శరీరం గురించి నీవు/మీరు అన్న ఏ మాట నన్ను బాధపెట్టింది?
2. మన ఇంట్లో బరువు పెంచుతున్న అలవాటు ఏది? దానిని తెచ్చింది ఎవరైనా సరే, మానడానికి ఇద్దరం ఏమి చేయగలం?
3. రేపు ఉదయం ఎన్ని గంటలకు నడుద్దాం?

మూడవ ప్రశ్నకు జవాబు చెప్పుకుని, అలారం పెట్టుకుని పడుకోండి. ఓ.పి.కి వచ్చేటప్పుడు మాత్రం ఒక్కరిని పంపకండి. ఇద్దరూ రండి. మా దగ్గర రెండు కుర్చీలు వేసే ఉంటాయి.