నిప్పు బయట ఉండాలి, వెచ్చదనం లోపలికి రావాలి

కుటుంబ పాఠం



యేసుప్రభువును బంధించిన రాత్రి ప్రధానార్చకుని ప్రాంగణంలో సేవకులు బొగ్గుల మంట వేసుకొని చలి కాచుకున్నారనీ, పేతురు కూడా వారి పక్కన నిలబడి చలి కాచుకున్నాడనీ యోహాను సువార్త చెబుతుంది. చలికి మంట వేసుకోవడం అంత పాత అలవాటు. ఆ మంట ఇంటి లోపల కాదు, ఆరుబయట వేసిన మంట అని గమనించండి. ఈనాటి మన పాఠమంతా ఈ చిన్న విషయం మీదనే.

ఆగమన కాలం వచ్చేసరికి మన తిరుమలగిరి వైపు చలి ముదురుతుంది. సూర్యాపేట నుండి జనగామకు పోయే దారిలో తెల్లవారుజామున ఏ ఊరు చూసినా వాకిట్లో ఒక చలిమంట, ఇంటి పక్కన నీళ్ల పొయ్యి మీద ఒక కాగు కనిపిస్తాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతటా 2016లో ఉజ్వల పథకం వచ్చి వంట చాలావరకు గ్యాసు మీదికి మారింది. కానీ స్నానాల నీళ్లు మాత్రం చాలా ఇళ్లలో ఇప్పటికీ కట్టెల మీదనే కాగుతున్నాయి. అందులో తప్పేమీ లేదు. చేను గట్టున దొరికే కట్టెకు ఖర్చు లేదు. అయితే ఆ పొయ్యిని ఎక్కడ పెట్టాలి, ఎలా వాడాలి, దాని నిప్పును ఎంత దూరంలో ఆపాలి అన్నది తెలిసి ఉండాలి.

1. బాలింత గదిలో కుంపటి

పురుటికి కూతురు తల్లిగారింటికి వస్తుంది. నెల చలికాలం. "తలుపు దగ్గరికెయ్యి బిడ్డా, సల్లగాలి తగుల్తది" అంటుంది తల్లి. కిటికీకి గోనెపట్టా కడతారు. మంచం కింద కుంపటి పెడతారు. పొగ రావడం లేదు, ఎర్రటి నిప్పులే కదా, భయమేముంది అనుకుంటారు. ఇదంతా ప్రేమతో చేసే పనే. కానీ ప్రమాదం సరిగ్గా ఇక్కడే ఉంది.

పొగ లేని బొగ్గు నిప్పుల నుండి కూడా కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్లు మండవు. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ ఈ విషవాయువును ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది గాని శరీరానికి ప్రాణవాయువు అందదు. మెలకువగా ఉన్నవారికి తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వస్తాయి. నిద్రలో ఉన్నవారికి ఆ హెచ్చరిక కూడా తెలియదు. నిద్రలోనే స్పృహ తప్పుతుంది. గర్భిణీ స్త్రీలకు, కడుపులోని బిడ్డకు, పసిపిల్లలకు, ముసలివారికి ఈ ముప్పు మరీ ఎక్కువ.

తెల్లవారి బాలింత తల పట్టుకొని కూర్చుంటే "గాలి సోకింది" అని తలుపులు ఇంకా గట్టిగా మూయడం కద్దు. చేయవలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. వెంటనే తలుపులు, కిటికీలు తెరవాలి. తల్లినీ బిడ్డనూ ఆరుబయటికి తేవాలి. కుంపటి బయట పెట్టాలి. 108కి ఫోన్ చేసి, గదిలో నిప్పులు ఉన్నాయని డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పకపోతే వైద్యం దారి తప్పవచ్చు.

కాబట్టి మొదటి నియమం: మనుషులు పడుకునే గదిలో కుంపటి గాని, కట్టెల నిప్పు గాని, బొగ్గుల సిగిడి గాని ఉండకూడదు. కిటికీ కొంచెం తెరిచాం కదా అని కూడా ఉండకూడదు.

2. బయటి పొయ్యి ఎక్కడ, ఎలా

నిప్పు బయట ఉన్నంత మాత్రాన పొగ బయటే ఉంటుందని అనుకోవద్దు. కిటికీ కింద పొయ్యి పెడితే పొగంతా గదిలోకే వస్తుంది. ఇళ్లలోని పొగ వలన ప్రపంచంలో 2020లో సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. అందుకే చలికాలంలో గాలి ఎటు నుండి వీస్తుందో చూసి, ఇంటిమీదికి, పక్కవారి ఇంటిమీదికి పొగ కొట్టని మూలను ఎంచుకోవాలి. గడ్డివాము, పశువుల కొట్టం, పత్తి నిల్వ పెట్టిన గది దూరంగా ఉండాలి.

మూడు రాళ్ల పొయ్యి మీద కాగు పెడితే మంట నాలుగు పక్కలా పారిపోతుంది. కట్టెలోని వేడిలో పదో వంతు, మహా అయితే ఏడో వంతు మాత్రమే నీళ్లకు చేరుతుంది. చిన్న లెక్క చూద్దాం. ఇరవై లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుండి 45 డిగ్రీలకు కాచడానికి 500 కిలో కేలరీల వేడి కావాలి. ఒక కిలో ఎండు కట్టెలో సుమారు 3,500 కిలో కేలరీలు ఉంటాయి. మూడు రాళ్ల మీద ఆ నీళ్లకు కిలో పైచిలుకు కట్టె పడుతుంది. చుట్టూ గోడ కట్టిన పొయ్యిలో నాలుగో వంతు వేడి నీళ్లకు చేరితే ఆరు వందల గ్రాములు చాలు. కట్టె తగ్గితే పొగ తగ్గుతుంది, కట్టెలు ఏరే ఆడవారి నడుముకూ విశ్రాంతి దొరుకుతుంది.

ఆ పొయ్యి కట్టడం మన తాపీ మేస్త్రీకి కష్టమైన పని కాదు. ఇటుకలు, బంకమట్టి చాలు. మట్టిలో ఊక, పేడ కలిపితే పగుళ్లు తక్కువ. కాగుకూ గోడకూ మధ్య వేలెడు సందు ఉంచాలి. మంట ఆ సందులో కాగును నిమురుతూ పైకి పోతుంది. కట్టెల కింద ఇనుప జాలీ వేస్తే కింది నుండి గాలి ఆడి మంట శుభ్రంగా లేస్తుంది, బూడిద కిందికి రాలుతుంది. పొయ్యి ఇంటి గోడకు దగ్గరైతే పొగగొట్టం పెట్టాలి. గొట్టం కొస, పది అడుగుల లోపల ఉన్న ఏ కప్పు కంటే అయినా కనీసం రెండు అడుగులు ఎత్తు ఉండాలి.

పొగను గొట్టం గుండా పంపే ఆలోచన మనకు కొత్త కాదు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనశాలలో పనిచేసిన డాక్టర్ ఎస్.పి. రాజు మట్టితోనే పొగలేని పొయ్యిని రూపొందించారు. మంట వరుసగా కుండల కింద నడిచి, చివరకు గొట్టంలో కలిసే ఏర్పాటు అది. దానిని గురించి ఆయన రాసిన పుస్తకాన్ని 1953లో మద్రాసులోని క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ ప్రచురించింది. కోట్లాది పేద వంటిళ్లలో పొగ పోవాలన్నదే ఆయన కోరిక.

3. ఏ కట్టె మంచిది

అప్పుడే నరికిన పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీళ్లే. ఆ నీళ్లు ఆవిరి కావడానికే వేడంతా ఖర్చవుతుంది. మిగిలేది పొగ, మసి. తుమ్మ, సర్కారు తుమ్మ, వేప మొద్దులను చీల్చి, వర్షం తగలని చోట, గాలి ఆడేలా అడ్డదిడ్డంగా పేర్చి ఒక వేసవి ఎండనివ్వాలి. రెండు ముక్కలను ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమని మోగాలి. దబ్బుమంటే ఇంకా పచ్చిదే. కందికట్టె, పత్తికట్టె రాజుకోవడానికి మంచివి గాని తొందరగా కాలిపోతాయి. వాటిని వదిలి వెళ్లవద్దు.

పాలిథిన్ సంచులు, పాత చెప్పులు, సైకిలు టైర్లు, రంగు వేసిన చెక్క, పురుగు మందు డబ్బాలు మంటలో వేయకూడదు. గన్నేరు కొమ్మల పొగ కూడా హానికరం. తొందరగా అంటుకోవాలని పెట్రోలు, కిరోసిను పోయడం ఎన్నటికీ వద్దు.

4. కాగు, బాయిలర్ సంరక్షణ

నడుమ గొట్టం ఉన్న రాగి బాయిలర్ వాడేవారు ఒక మాట గుర్తుంచుకోవాలి: ముందు నీళ్లు, తరువాత నిప్పు. ఖాళీ బాయిలర్ కింద మంట వేస్తే అతుకులు ఊడిపోతాయి. నీళ్లు తీసుకున్నప్పుడల్లా మళ్లీ పోయాలి. ఆవిరి పోయే దారిని గుడ్డతో గాని, బిరడాతో గాని మూయవద్దు. లోపల ఒత్తిడి పెరిగితే బాయిలర్ పగిలి ప్రాణాలమీదికి వస్తుంది.

మన బోరు నీళ్లు కఠినమైనవి. కాగిన కొద్దీ లోపల సున్నపు పొర కడుతుంది. ఆ పొర వేడిని అడ్డుకొని కట్టె ఖర్చు పెంచుతుంది. అప్పుడప్పుడు నిమ్మరసం గాని, చింతపండు పులుసు గాని నీళ్లలో కలిపి రాత్రంతా నిలవ ఉంచి, పొద్దున్నే కడిగివేయాలి. ఫ్లోరైడు ఉన్న నీళ్లు కాగితే శుద్ధి కావు. నీరు ఆవిరై ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది. కాబట్టి బాయిలర్ నీళ్లు స్నానానికే గాని తాగడానికి, వంటకు వాడవద్దు.

కాగు అడుగున, గొట్టం లోపల పట్టిన మసిని నెలకొకసారి గీకాలి. బూడిద రోజూ తీయాలి. పైకి చల్లగా కనిపించే బూడిదలో నిప్పు మరునాటి వరకు కూడా దాగి ఉంటుంది. ఇనుప తట్టలో తీసి, నీళ్లు చల్లి, ఆరిన తరువాతనే పెంటకుప్పలో వేయాలి. ఎర్రచెలకకు బూడిద మేలు చేస్తుంది. చౌడు నేలకు వద్దు.

5. వెచ్చదనాన్ని లోపలికి తేవడం

మరి బాలింత గది వెచ్చగా ఉండేదెలా? అమెరికాలో, కెనడాలో మంచు కురిసే పల్లెల్లో పెరటిలో ఒక గూడు కట్టి, అందులో కట్టెల బాయిలర్ పెడతారు. అక్కడ కాగిన నీరు భూమిలో వేసిన గొట్టాల గుండా ఇంటిలోకి వచ్చి గదులను వేడి చేసి తిరిగిపోతుంది. నిప్పు ఇంటిలోకి రాదు. అయితే వాటి పొట్టి గొట్టాల పొగతో చుట్టుపక్కల వారు ఇబ్బంది పడ్డారు. అమెరికా ప్రభుత్వం 2015లో ఆ బాయిలర్ల పొగకు పరిమితి విధించి, 2020లో దానిని మరింత బిగించింది. అంతటి దేశంలోనూ పాఠం ఒకటే: నిప్పును బయట పెట్టినవాడు పొగకు కూడా బాధ్యత వహించాలి.

మన చలికి అంత ఏర్పాటు అవసరం లేదు. వేడినీళ్ల రబ్బరు సంచికి గాని, పొయ్యి పక్కన కాగిన ఇటుకకు గాని మందమైన గుడ్డ చుట్టి, పడుకునే ముందు పక్క మీద ఉంచి, పక్క వెచ్చబడ్డాక తీసివేయాలి. దానిని పసిబిడ్డ ఒంటికి తగలనివ్వవద్దు. బిడ్డకు అన్నిటికంటే మంచి వెచ్చదనం తల్లి రొమ్ము. బిడ్డను తల్లి ఛాతీకి ఒంటికి ఒళ్లు తగిలేలా హత్తుకొని పైన దుప్పటి కప్పే పద్ధతిని 1978లో కొలంబియా దేశంలోని బొగోటాలో డాక్టర్లు మొదలుపెట్టారు. ఈనాడు ప్రపంచ ఆరోగ్య సంస్థ తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు దానినే సిఫారసు చేస్తుంది. బిడ్డ స్నానానికి గంగాళంలో ముందు చన్నీళ్లు పోసి తరువాత వేడినీళ్లు కలపాలి. మోచేతితో వేడి చూసుకోవాలి.

ఇంట్లో మాట్లాడుకోండి

1. మన నీళ్ల పొయ్యి పొగ ఎవరి కిటికీలోకి పోతున్నది? పక్కింటివారిని ఎప్పుడైనా అడిగామా?
2. రాత్రివేళ మన ఇంటి గదుల్లో ఎక్కడైనా నిప్పు ఉంటున్నదా?
3. తెల్లవారుజామున పొయ్యి దగ్గర కూర్చునే భారం ఇంట్లో ఎవరిది? దానిని పంచుకోగలమా?

ఈ వారం చేయవలసిన పని: మీ వీధిలో బాలింత గాని, గర్భిణి గాని, ఒంటరి ముసలివారు గాని ఉంటే ఒకసారి వెళ్లి పలకరించండి. గదిలో కుంపటి కనిపిస్తే తప్పు పట్టవద్దు. మీరే దానిని వాకిట్లోకి తెచ్చి పెట్టి, ఒక మంచి దుప్పటి, ఒక చెంబు వేడినీళ్లు లోపలికి ఇచ్చి రండి.