మాత్రలకు లొంగని క్రిములు: సందేహాలు - సమాధానాలు

ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాను. గొంతు నొప్పి వచ్చినప్పుడల్లా మందుల షాపులో అజిత్రోమైసిన్ తెచ్చుకుని రెండు రోజులు వేసుకుంటాను. ఈమధ్య పనిచేయడం లేదు. నా ఒంటికి మందు అలవాటైపోయిందా డాక్టరు గారూ?
- ఒక పాఠకుడు, రాళ్లగూడ

అలవాటు పడేది మీ ఒళ్లు కాదు, క్రిములు. గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌ల వల్ల వచ్చేవే. వాటిమీద ఈ మందు పనిచేయదు. ఇదివరకు తగ్గినవి కూడా చాలావరకు వాటంతటవే తగ్గి ఉంటాయి. అయితే మాత్ర వేసుకున్న ప్రతిసారీ మీ గొంతులో, పేగుల్లో ఉన్న బ్యాక్టీరియాలో బలహీనమైనవి చచ్చి, తట్టుకున్నవి మిగులుతాయి. ఆ తట్టుకునే జన్యువులను పక్క బ్యాక్టీరియాకూ అందిస్తాయి.

1928లో పెన్సిలిన్‌ను గుర్తించిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945 నోబెల్ ప్రసంగంలో ఇలాంటి మనిషినే ఊహించి చెప్పారు. అతను గొంతు నొప్పికి తనే పెన్సిలిన్ కొనుక్కుని చాలీచాలకుండా వాడతాడు. మొండిబారిన క్రిమి భార్యకు అంటుకుంటుంది. ఆమెకు న్యుమోనియా వచ్చి, మందు పనిచేయక చనిపోతుంది.

అట్ట మీద ఎర్ర గీత ఉన్న మందు డాక్టరు చీటీ లేకుండా కొనకండి. జ్వరం మూడు రోజులు దాటినా, మింగుడు పడకపోయినా డాక్టరుకు చూపించుకోండి.

బ్రాయిలర్ కోళ్ల ఫారం ఉంది. దాణాలో యాంటీబయాటిక్ కలిపితే బరువు తొందరగా వస్తుందని ఏజెంటు చెబుతున్నాడు. కలపవచ్చా?
- ఒక రైతు, శంషాబాద్ మండలం

వద్దు. ఈ అలవాటు మొదలైన చోటుకు మన తెలుగువాడితో సంబంధం ఉంది కాబట్టి వివరంగా చెబుతాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు డైరెక్టరుగా ఉన్నప్పుడు, అక్కడి శాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను కనిపెట్టారు. టెట్రాసైక్లిన్ మందుల్లో అది మొదటిది. 1948లో అది లోకానికి తెలిసింది, ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆ వెంటనే అదే సంస్థలో థామస్ జ్యూక్స్ ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టి చూస్తే అవి ఏపుగా పెరిగాయి. మనిషి ప్రాణం కోసం పుట్టిన మందు అలా దాణా బస్తాలోకి చేరింది.

రోజూ కొద్దికొద్దిగా మందు తినే కోడి పేగుల్లో మొండి క్రిములు తయారవుతాయి. పెంట ఎరువుతో పొలానికి, పచ్చి మాంసంతో వంటింటికి వస్తాయి. ఆసుపత్రుల్లో ఏ మందూ పనిచేయనప్పుడు వాడే కొలిస్టిన్‌నూ కోళ్లకు పెట్టారు. ఆ మందును తట్టుకునే జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి పాకుతుందని 2015లో చైనా పరిశోధకులు బయటపెట్టారు. 2019 జూలైలో మన కేంద్ర ప్రభుత్వం కోళ్లకు, పశువులకు, చేపల చెరువులకు కొలిస్టిన్‌ను నిషేధించింది. నా దృష్టిలో అది ఆలస్యంగా తీసుకున్న మంచి నిర్ణయం.

ఊక ఎప్పుడూ పొడిగా ఉంచండి, నీళ్లలో క్లోరిన్ కలపండి, కొక్కెర తెగులు, గంబోరో టీకాలు తప్పకుండా వేయించండి. జబ్బు వస్తే పశువైద్యుడు చెప్పిన మందే, చెప్పినన్ని రోజులే వాడండి.

టైఫాయిడ్‌కు మాత్రలు ఉండగా బాబుకు టీకా ఎందుకు?
- ఒక తల్లి, సాతంరాయి

ఆ మాత్రలు ఒక్కొక్కటిగా చేజారుతున్నాయమ్మా. 1948 నుంచి టైఫాయిడ్‌కు క్లోరాంఫెనికాల్ ఇచ్చేవారు. 1972లో కేరళలోని కాలికట్‌లో దానికి లొంగని టైఫాయిడ్ ప్రబలింది. తర్వాత వచ్చిన సిప్రోఫ్లాక్ససిన్ కూడా ఇప్పుడు నమ్మదగినది కాదు. 2016లో పాకిస్తాన్ సింధ్ రాష్ట్రంలోని హైదరాబాద్‌లో సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్‌కు సైతం లొంగని టైఫాయిడ్ మొదలైంది. నోటి మందుల్లో దానికి మిగిలింది అజిత్రోమైసిన్ ఒక్కటే, రాళ్లగూడ పాఠకుడు గొంతు నొప్పికి వేసుకుంటున్న మందే. అక్కడి పిల్లలకు వేసిన టీకా మన హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ తయారుచేసింది. 2019లో పాకిస్తాన్ దాన్ని పిల్లలందరికీ వేసే టీకాల్లో చేర్చింది.

ఆరు నెలలు నిండిన పిల్లలకు ఈ టీకా వేయించవచ్చు. అయినా కాచిన నీళ్లే తాగించండి. జ్వరం వస్తే వైడల్ పరీక్ష ఒక్కటే చూసి మందు మొదలుపెట్టనివ్వకండి, ముందు బ్లడ్ కల్చర్ చేయమని డాక్టరును అడగండి.