రెండు నీళ్ళు కలిసే చోటు



గోదావరి సముద్రంలో కలిసే చోటు మీలో కొందరు చూసే ఉంటారు. వరద రోజుల్లో అక్కడ ఒక గీత కనిపిస్తుంది. ఇటు ఎర్రటి నీళ్ళు. అటు నీలం నీళ్ళు. మధ్యలో నురుగు, కొట్టుకొచ్చిన చెత్త. రెండూ నీళ్ళే. అయినా వెంటనే కలవవు.

నడి సముద్రంలో కూడా ఇలాంటి గీతలు ఉన్నాయి. ఒక పక్క చల్లని నీళ్ళు. ఇంకో పక్క వెచ్చని నీళ్ళు. రెండు పొలాల మధ్య గట్టు ఉంటుంది కదా, అలాగన్నమాట. కాని ఇది మట్టి గట్టు కాదు. ఇవాళ ఇక్కడుంటే రేపు కొంచెం అవతలికి జరుగుతుంది. శాస్త్రవేత్తలు దీన్ని 'ఫ్రంట్' అంటారు. మనం 'నీటి గట్టు' అందాం.

ఉత్తరాన చలి సముద్రంలో ఇలాంటి నీటి గట్టు దగ్గరి చేపల మీద వేల కుటుంబాలు బతికాయి. ఒకరోజు ఆ పని ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయింది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

చల్లని పాయ, వెచ్చని పాయ

కెనడా దేశానికి తూర్పు చివర న్యూఫౌండ్‌లాండ్ అనే పెద్ద దీవి ఉంది. దాని చుట్టూ అట్లాంటిక్ మహాసముద్రం. ఉత్తరం నుంచి చల్లని నీటి పాయ ఒకటి ఆ దీవి పక్కగా వస్తుంది. దాని పేరు లాబ్రడార్ ప్రవాహం. అది మంచు కొండలను కూడా మోసుకొస్తుంది. దక్షిణం నుంచి గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని పాయ వస్తుంది. దీవికి ఆగ్నేయంగా ఇవి రెండూ దగ్గర పడతాయి. వెచ్చని నీటి మీది తడిగాలి చల్లని నీటి మీదికి వీస్తే పొగమంచు కమ్ముతుంది. అందుకే ఆ సముద్రం పొగమంచుకు పేరు పడింది.

దీవి చుట్టూ చాలా దూరం సముద్రం లోతు తక్కువ. అది మెరక. మెరక అంచు దాటితే ఒక్కసారిగా లోతు. ఆ అంచు వెంబడి ఒక నీటి గట్టు ఉంది.

మెరక మీది నీళ్ళు చాలా చల్లన. 0 డిగ్రీల దగ్గర, కొన్ని చోట్ల ఇంకా తక్కువ. మరి గడ్డ కట్టవా? కట్టవు. ఎందుకంటే అవి ఉప్పునీళ్ళు. 0 కంటే దాదాపు 2 డిగ్రీలు కిందికి దిగితేగాని గడ్డకట్టవు. అంచు దగ్గర, లోతున, 2, 3 డిగ్రీల నీళ్ళు ఉంటాయి. 2, 3 డిగ్రీలంటే మనకు వణుకే. అక్కడి చేపకు మాత్రం అది వెచ్చదనం!

వెచ్చని నీళ్ళు పైకి తేలాలి కదా, లోతున ఎందుకున్నాయి? మీ ఇంట్లోనే చూడండి. గ్లాసుడు మంచినీళ్ళలో కోడిగుడ్డు వేస్తే మునుగుతుంది. ఆ నీళ్ళలో బాగా ఉప్పు కలిపితే తేలుతుంది. ఉప్పు ఎక్కువైతే నీళ్ళు బరువెక్కుతాయి. లోతున ఉన్న ఆ వెచ్చని నీళ్ళలో ఉప్పు ఎక్కువ. అందుకని అవి అడుగునే ఉంటాయి.

గట్టు దగ్గర చేపలెందుకు?

నీటి గట్టు దగ్గర కింది నీళ్ళూ పై నీళ్ళూ కలుస్తాయి. అడుగున ఉన్న సత్తువ పైకి వస్తుంది. పొలానికి ఎరువు వేసినట్టే. ఆ సత్తువతో కంటికి ఆనని చిన్న మొక్కలు నీళ్ళలో పెరుగుతాయి. వాటిని చిన్న పురుగులు తింటాయి. ఆ పురుగులను కేప్లిన్ అనే చిన్న చేపలు తింటాయి. కేప్లిన్‌ను కాడ్ అనే పెద్ద చేప తింటుంది.

చలికాలంలో కాడ్ చేపలు మెరక అంచున, లోతు నీళ్ళలో గుంపు కట్టేవి. ఎండలు రాగానే కేప్లిన్ వెంట ఒడ్డుకు వచ్చేవి. ఒడ్డున చిన్న పడవల వాళ్ళు వలలు కట్టి వాటిని పట్టేవాళ్ళు.

ఆడవాళ్ళ కష్టం

మగవాళ్ళు చేప తెస్తే, ఆరబెట్టే పని చాలావరకు ఆడవాళ్ళది. కోసి, ఉప్పు పెట్టి, కర్రలతో కట్టిన ఎత్తైన పందిళ్ళ మీద చేపను పరిచేవాళ్ళు. మబ్బు పడితే పరుగెత్తి పోగు చేసేవాళ్ళు. మబ్బు చూసి మనం మిరపకాయలు ఎత్తమా! ఆ పరుగు ఏ దేశంలోనైనా ఒకటే.

డబ్బు మాత్రం వాళ్ళ చేతికి అంతగా వచ్చేది కాదు. షావుకారు సీజను మొదట్లో పిండి, వలలు, ఉప్పు అప్పు ఇచ్చేవాడు. చివర్లో చేప తీసుకునేవాడు. ధర ఆయనే చెప్పేవాడు. లెక్క ఆయన పుస్తకంలోనే ఉండేది. చాలా ఇళ్ళలో అప్పు తీరేది కాదు.

నిండిన వల

1950ల నుంచి పెద్ద పెద్ద ఓడలు వచ్చాయి. చాలావరకు యూరప్ దేశాల ఓడలు. అవి చలికాలంలో కూడా మెరక అంచుకు వెళ్ళి, గుంపుల మీదే వల లాగేవి. 1968లో ఒక్క ఏడాదిలో 8 లక్షల టన్నులకు పైగా కాడ్ పట్టారు. 1977లో కెనడా తన తీరం నుంచి 370 కిలోమీటర్ల దాకా సముద్రం తన ఏలుబడిలోకి తెచ్చుకుంది. పరాయి ఓడలు చాలావరకు పోయాయి. కాని కెనడా కంపెనీల పెద్ద ఓడలు అదే పని చేశాయి.

1980ల్లో ఒడ్డున చిన్న పడవల వాళ్ళు మొత్తుకున్నారు. "చేప తగ్గుతోంది. వచ్చేదీ చిన్నదే" అన్నారు. వాళ్ళ మాట పెద్దవాళ్ళ చెవికి ఎక్కలేదు. ఎందుకంటే పెద్ద ఓడల వలలు నిండుగానే వస్తున్నాయి. ఆ లెక్కలు కూడా చూసి శాస్త్రవేత్తలు చేప చాలా ఉందనుకున్నారు.

ఇక్కడే మోసం ఉంది. ఎండాకాలంలో చెరువు ఎండితే చేపలన్నీ చివరి గుంటలో చేరతాయి. అక్కడ వల వేస్తే నిండిపోతుంది. చేప ఎక్కువై కాదు. మిగిలిందంతా ఒక్కచోటే ఉంది కాబట్టి! సముద్రంలోనూ అలాగే అయింది. మిగిలిన చేపలు నీటి గట్టు దగ్గర గుంపు కట్టాయి. ఆ ఏళ్ళలో నీళ్ళు మామూలు కంటే చల్లబడ్డాయి. అదీ ఒక కారణమని కొందరు శాస్త్రవేత్తలు అంటారు. వల నిండుతూనే ఉంది. సముద్రం ఖాళీ అవుతూనే ఉంది.

పని ఆగిన రోజు

1992 జూలై 2న కెనడా ప్రభుత్వం ఆ చేపల వేట ఆపించింది. దాదాపు 30,000 మందికి పని పోయింది. పడవల వాళ్ళే కాదు, చేపల ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ళు కూడా ఎందరో రోడ్డున పడ్డారు. వేలమంది ఊళ్ళు వదిలి వలస పోయారు.

ప్రభుత్వం కొంత భృతి ఇచ్చింది. కొత్త పనులు, చదువు నేర్పే తరగతులు పెట్టింది. చిన్నప్పుడే బడి మానేసి పనిలో చేరిన ఎందరో పెద్దవయసులో మళ్ళీ పలక పట్టారు, మనలాగే.

మొదట "2 ఏళ్ళే" అన్నారు. మధ్యలో చిన్న పడవలకు కొద్దికొద్దిగా అనుమతి ఇచ్చినా, నిషేధం పూర్తిగా ఎత్తేసింది 2024లో. అంటే 32 ఏళ్ళకు! ఆ ఏడాది పట్టనిచ్చింది 18,000 టన్నులు. 1968లో 44 బుట్టలు పట్టిన చోట 2024లో 1 బుట్ట.

చేతికి వచ్చింది లెక్కపెట్టడం అందరికీ వచ్చు. వెనక మిగిలింది ఎంతో కూడా లెక్క చూడాలి. చెరువులో చేపైనా, బావిలో నీళ్ళైనా, అడవిలో కట్టెలైనా అంతే. ఆ లెక్క రాసుకునే అక్షరం ఇప్పుడు మన చేతిలో ఉంది.

చెప్పండి చూద్దాం

1. 'నీటి గట్టు' అంటే ఏమిటి?
2. ఉప్పు ఎక్కువైన నీళ్ళు ఎందుకు అడుగున ఉంటాయి?
3. చేప తగ్గుతున్నా పెద్ద ఓడల వల ఎందుకు నిండింది?
4. మీ ఊళ్ళో పదేళ్ళ కిందట ఉండి, ఇప్పుడు తగ్గిపోయింది ఏమిటి? పక్కవారితో మాట్లాడి 5 వాక్యాలు రాయండి.