చార్జి అను మాట

గౌలిగూడ పేరు వినగానే జిల్లాలనుండి రాజధానికి వచ్చిపోయిన పెద్దలకు బస్సుస్టాండు జ్ఞప్తికి వచ్చును. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను నెలకొల్పిరి. విమానముల కొరకు ఉద్దేశింపబడిన పెద్ద ఇనుప రేకుల షెడ్డు గౌలిగూడలో చిరకాలము బస్సులకు నీడయైనది. 1994లో సమీపమున మహాత్మాగాంధీ బస్సు స్టేషను వెలసెను. 2018 జూలై 5వ తేదీన ఆ పాత షెడ్డు కూలిపోయెను. ఆ కప్పు క్రింద పల్లెవారి నోట నిత్యము వినబడిన ఇంగ్లీషు మాట యొకటి కలదు. అది ‘చార్జి’. “మా ఊరికి చార్జి ఎంత?” అని అడుగని ప్రయాణికుడు లేడు. (తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఆ ప్రశ్న తప్పినది.)

అయితే ఈ మాట టిక్కెట్టుతో ఆగలేదు. కరెంటుకు చార్జి, సెల్‌ఫోనుకు చార్జి, పోలీసుల లాఠీచార్జి, కచేరీలో ఇన్‌చార్జి, కోర్టులో చార్జిషీటు. ఒకే మాట ఇన్ని వేషములు ఎట్లు వేసినది?

దీని మూలము లాటిను భాషలో ‘బండి’ అను అర్థముగల పదము. ‘కారు’ అనునదియు ఆ కుదుటినుండి పుట్టినదే. బండికి బరువెత్తుట అనునది చార్జికి తొలి అర్థము. తక్కిన అర్థములను గ్రహించుటకు మన ‘మోపు’ అను మాట చాలును. గడ్డి మోపు నెత్తికెత్తుదుము, పన్ను మోపిరందుము, నేరము మోపిరందుము. ఇంగ్లీషువారును అట్లే అన్నారు. సొమ్ము మోపిన అది రుసుము, పని మోపిన అది బాధ్యత, తప్పు మోపిన అది అభియోగము. తుపాకిలో మందు దట్టించుటయు చార్జియే. 18వ శతాబ్దములో బెంజమిన్ ఫ్రాంక్లిన్ విద్యుత్తునుగూర్చి వ్రాయుచు ఈ మాటనే వాడెను. శత్రువుపై మూకుమ్మడిగా పడుట మరియొక అర్థము, లాఠీచార్జి అందులోనిది. ఎత్తిన బరువు దించినచో డిస్చార్జి. ఆసుపత్రినుండి రోగిని పంపుటకును ఆ పేరే.

అర్థము తెలియకున్న నష్టము కలుగు చోటులు రెండు గలవు. అందు చార్జిషీటు మొదటిది. ఒకనిపై చార్జిషీటు వేసిరని వినగానే ఊరు అతనిని దోషిగా ఎంచును. కుదిరిన పెండ్లి సంబంధములు సైతము తప్పిపోవుచుండును. ఇది తగదు. చార్జిషీటు అనగా దర్యాప్తు ముగించి పోలీసువారు న్యాయస్థానమునకు సమర్పించు నివేదిక మాత్రమే. దానిని పరిశీలించి, ఆధారము కలదని తోచిన న్యాయాధికారియే అభియోగమును నిర్ణయించి నిందితునికి చదివి వినిపించును. విచారణ ఆ పిదపనే. ఆధారము చాలదని తోచినచో అతనిని డిస్చార్జి చేయవచ్చును. నిందితునికి చార్జిషీటు నకలు ఉచితముగా ఈయవలెను. ఈ చార్జికి మాత్రము చార్జి లేదు!

రెండవది భూమిపై చార్జి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టములోని 100వ సెక్షను దీనిని వివరించును. ఒకరి స్థిరాస్తి తాకట్టు కాకున్నను, మరొకరికి చెల్లవలసిన సొమ్మునకు హామీగా నిలిచినచో ఆ ఆస్తిపై చార్జి కలదందురు. భూమి రైతు స్వాధీనములోనే యుండును, దున్నుకొనును, పండించుకొనును. కావున బరువు కంటికి కనబడదు. సహకార సంఘములో అప్పు తీసికొనునప్పుడు కాగితములో “చార్జి” అను మాట చూచి, అది సంఘమువారు పుచ్చుకొను రుసుము కాబోలునని వ్రేలిముద్ర వేయువారు లేకపోలేదు. ఆ మాట కనబడినచో ఏ సర్వే నంబరుపై, ఎంత సొమ్మునకు అని అడిగి తెలిసికొనిన పిదపనే సంతకము చేయవలెను.

పొలము కొనువారును జాగ్రత్తపడవలెను. సబ్‌రిజిస్ట్రారు కచేరీలో ఈ.సి. తీసినచో ఆ భూమిపై రిజిస్టరైన తాకట్లు, చార్జీలు తెలియును. అచట నమోదు కాని అప్పులు దానిలో కనబడవు గనుక గ్రామములోని సంఘమునందును, బ్యాంకునందును విచారించుట మంచిది. అప్పు తీర్చిన రైతు రసీదుతో తృప్తిపడక, బాకీ లేదను పత్రమును పుచ్చుకొని, చార్జి రిజిస్టరై యున్నచో దాని రద్దును గూడ రిజిస్టరు చేయించుకొనవలెను.