దూరము నుండి కంప్యూటరు నడుపుట: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

పుంగనూరు మండలమున ఒక పంచాయతీ కార్యాలయములో కంప్యూటరు మొరాయించినదనుకొందము. దానిని బాగుచేయగలవాడు మదనపల్లెలో ఉన్నాడు. ఆయన బస్సు దిగి వచ్చువరకు ధ్రువపత్రము కొరకు వచ్చిన రైతు అరుగుమీద కూర్చుండవలెను. ఆయన కుప్పములో ఉన్నచో ఆ పూట పని మరునాటికి పోవును. మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పమునకు నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. ఇట్టి చోట్ల మనిషి కదలకుండ, తానున్న చోటి నుండియే మన యంత్రమును చూచి సరిచేయు వసతి నేడు కలదు. దీనినే రిమోట్ యాక్సెస్ అందురు.

కంప్యూటరు ఈ సీమకు క్రొత్త కాదు. 2002లోనే హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వముతో కలిసి కుప్పములో ‘ఐ-కమ్యూనిటీ’ పథకము ప్రారంభించి, ప్రజలకొరకు సమాచార కేంద్రములు నెలకొల్పినది. 2020 ఏప్రిల్ 24న ఈ-గ్రామస్వరాజ్ పోర్టలు ప్రారంభమైన పిదప పంచాయతీ ప్రణాళికలు, జమాఖర్చులు అందు చేరుచున్నవి. అనగా మన బీరువాలోని దస్త్రములకును, పెట్టెలోని ధనమునకును ఇప్పుడు ఈ యంత్రమే ద్వారము. కావున ఆ ద్వారము ఎవరికి, ఎప్పుడు తెరువవలెనో సభ్యులు ఆలోచించి నిర్ణయింపవలెను.

పనిచేయు తీరు

మన తెరమీది బొమ్మ ఇంటర్నెట్టు ద్వారా అవతలివాని తెరమీదికి పోవును. ఆయన అచ్చట మీట నొక్కినచో ఇచ్చట మన యంత్రము పనిచేయును. మన కుర్చీలో కూర్చున్నవాడు చేయగల పనులన్నియు ఆయన చేయగలడు. ఈ ఒక్క మాట మనసునందుంచుకొనినచో తక్కిన జాగ్రత్తలన్నియు తమంతట తామే తోచును.

ఇందు రెండు పద్ధతులు కలవు. మొదటిది, మనము పిలిచినప్పుడు మాత్రమే ఆయన వచ్చుట. రెండవది, కార్యాలయములో ఎవ్వరును లేకున్నను రాగలుగుట. మొదటిది అతిథికి తలుపు తీయుట వంటిది. రెండవది తాళపుచెవి చేతికిచ్చుట వంటిది. పంచాయతీలకు మొదటి పద్ధతియే మేలని మా సలహా.

ఏర్పాటు చేసికొను విధము

1. కార్యాలయపు యంత్రము కనుక ముందుగా పై అధికారుల అనుమతి పొందవలెను.

2. గూగుల్ వారి క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ ఉచితముగా లభించును. దానిని ఆ సంస్థ వెబ్‌సైటు నుండియే దింపుకొనవలెను. ఎవరో పంపిన లింకు నుండి కాదు.

3. సహాయము కావలసినప్పుడు మన యంత్రములో ఒక కోడు సంఖ్య పుట్టించి, మనకు తెలిసిన నిపుణునికి మనమే ఫోను చేసి చెప్పవలెను. ఆ సంఖ్య ఒక్కసారికి మాత్రమే చెల్లును. పని సాగుచుండగా కొనసాగింపవలెనా యని యంత్రము అరగంటకొకసారి మనలను అడుగును.

4. రెండవ పద్ధతి తప్పనిసరియైనచో, కార్యాలయపు ఖాతాతోనే ఏర్పాటు చేయవలెను. ఒక ఉద్యోగి సొంత ఖాతాతో చేసినచో ఆయన బదిలీయైనను తాళపుచెవి ఆయన వద్దనే యుండును. కనీసము 6 అంకెల పిన్ పెట్టవలెను. పుట్టిన సంవత్సరము, 123456 వంటివి పనికిరావు.

5. కరెంటు పోయినచో సంబంధము తెగును. కావున యు.పి.ఎస్. ఉండుట మంచిది.

జాగ్రత్తలు

2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఒక హెచ్చరిక చేసినది. మోసగాండ్రు జనులచేత ఎనీడెస్క్ అను సాధనమును ఫోనులో పెట్టించి, అందు కనబడు 9 అంకెల సంఖ్యను అడిగి తెలిసికొని, ఖాతాలలోని సొమ్ము తీసికొనుచున్నారని దాని సారాంశము. సాధనము చెడ్డది కాదు. తెలియనివానికి సంఖ్య చెప్పుటయే ముప్పు. బ్యాంకు నుండి యని, జిల్లా కార్యాలయము నుండి యని ఎవరు ఫోను చేసి అడిగినను చెప్పరాదు. నిజమైన అధికారియా కాదా యని మనమే తిరిగి ఆ కార్యాలయమునకు ఫోను చేసి తెలిసికొనవలెను.

సర్పంచి, కార్యదర్శుల డిజిటల్ సంతకపు టోకెన్లను, అన్యులు యంత్రమును చూచుచున్నంతసేపు ఊడదీసి ఉంచవలెను. చెల్లింపు జరుగుటకు ఆ సంతకములే ఆధారము. నిపుణుడు ఎంత నమ్మకస్థుడైనను, పని ముగియువరకు కార్యదర్శి తెర యెదుటనే కూర్చుండవలెను.

అనుమానము కలిగినచో ముందు ఇంటర్నెట్టు తీగ తీసివేయవలెను. పిదప వేరొక యంత్రము నుండి పాస్‌వర్డులు మార్చవలెను. సొమ్ము పోయినచో ఆలస్యము చేయక 1930 నెంబరుకు ఫోను చేసి, బ్యాంకునకును తెలుపవలెను. సిగ్గుపడి దాచినచో సొమ్ము చేతులు మారి దొరకకుండపోవును.

సభ్యుల కర్తవ్యము

వచ్చు సమావేశమున ఈ విషయమును చర్చింపవలెనని మేము కోరుచున్నాము. సహాయమునకు ఎవరిని పిలువవలెనో తీర్మానము చేయుడు. ఒక చిన్న రిజిస్టరు పెట్టి తేదీ, వేళ, వచ్చినవాని పేరు, చేసిన పని వ్రాయించుడు. ఉద్యోగి మారిన నాడే పాస్‌వర్డు మార్పించుడు. వీనికి పైసా ఖర్చు లేదు. ఇంత మాత్రము చేసినచో అరుగుమీది రైతు పని ఆ పూటనే ముగియును. ఊరి సొమ్ము ఊరికే దక్కును.