నాయకుడు – నవ బౌలరు

క్రికెట్ ఆటలో నాయకుని పని టాసు వేయుటతోడను, ఫీల్డర్లను నిలుపుటతోడను తీరదు. పిన్నవయస్కుడగు బౌలరునకు బంతి ఎప్పుడు ఈయవలెను, ఎప్పుడు తిరిగి తీసికొనవలెను అను నిర్ణయము మిక్కిలి కష్టమైనది. అమెరికా దేశపు బేస్‌బాల్ ఆటలోను ఈ చిక్కు కలదు. అచ్చట బంతి విసరు పిచ్చరును మేనేజరు ఒకసారి తొలగించినచో అతడు ఆ ఆటలో మరల అడుగిడరాదు. క్రికెట్టులో అట్లు కాదు. దెబ్బతిన్న బౌలరును కొంతసేపు ప్రక్కనుంచి మరల పిలువవచ్చును. ఈ మరల పిలుచుటయందే నాయకుని నేర్పు తెలియునని మా అభిప్రాయము.

మన బెంగళూరు చిన్నస్వామి క్రీడాస్థలము యువ బౌలర్లకు కఠినమైన పరీక్షాశాల. బౌండరీలు దగ్గర. ఊరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నుండుటచే గాలి పలుచన. కొట్టిన బంతి మరికొంత దూరము పోవును. ఇచ్చటనే 2019 ఏప్రిల్ 5వ తేదీన హైదరాబాదు యువకుడు మహమ్మద్ సిరాజ్ పరాభవము పొందెను. బెంగళూరు జట్టు 205 పరుగులు చేసియుండెను. కోల్‌కతా జట్టునకు చివరి 3 ఓవర్లలో 53 పరుగులు కావలెను. నాయకుడు విరాట్ కోహ్లీ సిరాజ్‌నకు బంతి నిచ్చెను. నేలను తాకక నడుముకంటె ఎత్తుగా వచ్చు బంతిని సిరాజ్ రెండవ మారు వేయుటచే, నిబంధన ననుసరించి అంపైర్లు అతనిని బౌలింగునుండి తొలగించిరి. అప్పటికి అతడు 2 ఓవర్ల 2 బంతులలో 36 పరుగు లిచ్చెను. వికెట్టు ఒక్కటియు లేదు. రసెల్ 13 బంతులలో 48 పరుగులు చేయగా, 5 బంతులు మిగిలియుండగనే ఆట ముగిసెను.

క్రికెట్టు మాని తండ్రితో కూడ ఆటో నడుపుకొమ్మని జనులు తన్ను ఎగతాళి చేసిరని సిరాజ్ తరువాత చెప్పెను. ఆటో నడిపి కుమారుని పెంచిన తండ్రికి ఆ మాట ఎట్లు తగులునో తల్లిదండ్రులగు మా పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

జట్టు అతనిని వదలలేదు. 2020 అక్టోబరు 21న అబుదాబిలో మరల ఆ కోల్‌కతా జట్టే ఎదురయ్యెను. క్రొత్త బంతిని వాషింగ్టన్ సుందర్‌నకు ఈయదలచిన కోహ్లీ, మనసు మార్చుకొని క్రిస్ మారిస్‌తో పాటు సిరాజ్‌నకు ఇచ్చెను. బెదరిన బౌలరును నాయకులు సాధారణముగా నడిమి ఓవర్లలో దాచిపెట్టుదురు. అది దయగా తోచును గాని, తనపై నమ్మకము లేదని బౌలరునకు తెలిసిపోవును. క్రొత్త బంతి గాలిలో వంపు తిరుగును. సిరాజ్ నేర్పు అందులోనే యున్నది. కావున కోహ్లీ చేసినది జాలి కాదు, పనితనమును గుర్తించుట. సిరాజ్ వరుస బంతులలో త్రిపాఠిని, రాణాను ఔటుచేసి, తన మొదటి రెండు ఓవర్లలో ఒక్క పరుగైనను ఈయక ముగ్గురిని పంపివేసెను. మొత్తము 4 ఓవర్లలో 8 పరుగులు, 3 వికెట్లు. ఐ.పి.ఎల్. పోటీలలో ఒకే ఆటయందు రెండు మెయిడెన్ ఓవర్లు వేసిన మొదటివాడు అతడే.

నాయకుని నమ్మికయే సర్వమును చేసెననుట సరికాదు. ఆ నడుమ సిరాజ్ పడిన శ్రమ చాల గలదు. కోహ్లీయే ఆ మాట చెప్పెను. మరుసటి నెల 20వ తేదీన తండ్రి మరణించెను. సిరాజ్ అప్పుడు ఆస్ట్రేలియాలో నుండెను. ఇంటికి పోవుట కవకాశమున్నను అచ్చటనే నిలిచి, అజింక్య రహానే నాయకత్వమున మెల్‌బోర్నులో మొదటి టెస్టు ఆడి, ఆ పర్యటనలో 13 వికెట్లు తీసెను.

2025 ఏప్రిల్ 2న అతడు చిన్నస్వామి స్థలమునకు మరల వచ్చెను. ఈ మారు గుజరాత్ జట్టు పక్షమున, శుభ్‌మన్ గిల్ నాయకత్వములో. పాత జట్టుపై 4 ఓవర్లు వేసి, 19 పరుగు లిచ్చి, 3 వికెట్లు తీసెను.